జ్ఞానమ్మక్క చెప్పిన పచ్చ

తడిసిన పట్టుదారానికి ఒక వాసన ఉంటుంది. అది పురుగు వాసనా కాదు, బట్ట వాసనా కాదు, రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. నిన్న పొద్దున మా మనవరాలు వాకిట్లో కూర్చుని జాకెట్టు మీద పూలు కుడుతూ దారం కొన నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. ఆ వాసన తగలగానే చదువుతున్న పేపరు కింద పెట్టేశాను. "అవ్వా, ఆ పచ్చదారం ఇటు విసురు" అంది. నా పక్కన రెండు ఉండలున్నాయి, ఆకు రంగుదొకటి, పసుపుదొకటి. "ఏ పచ్చ?" అని అడిగాను. "పచ్చంటే పచ్చే కదా, నీదంతా చాదస్తం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రెండు ముక్కల ప్రశ్న నేను ఒకప్పుడు అడగవలసిన చోట అడగలేదు. అడిగి ఉంటే ఒక మనిషి చివరి రోజులు అంత చీకటిగా గడిచేవి కావు. ఆ మనిషి పేరు జ్ఞానమ్మ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆమెకు ఫోటో కూడా లేదు.

నేను పుట్టి పెరిగింది కోవిల్‌పట్టిలో. మా నాన్నది నూలుమిల్లులో పని, పెళ్లయ్యాక మా ఆయనదీ అదే మిల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగుకు మా దగ్గర రాత లేదు. రాయవలసి వస్తే బడిలో నేర్చిన తమిళ అక్షరాల్లోనే తెలుగు మాటలు రాసుకునేవాళ్లం. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు విరుదునగర్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపే కుట్టుపని గదిలో చేరాను. ఊరికి ఆ పేరు కొత్తగా వచ్చింది, పెద్దవాళ్లు ఇంకా విరుదుపట్టి అనే అనేవాళ్లు. సోమవారం రైలెక్కి వెళ్లి, మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. పెళ్లైన పిల్ల మొగుణ్ణి వదిలి సూది పట్టుకు తిరగడమేమిటని మా అత్త మూతి మూడు వంకర్లు తిప్పింది. నేను లెక్కచేయలేదు. నా మొండితనం ఇవాళ్టిది కాదు.

ఆ గదికి పెద్ద జ్ఞానమ్మక్క. నాగలాపురం దగ్గర నల్లరేగడి పల్లెలో, పత్తి ఏరుకుని బతికే ఇంట్లో పుట్టింది. అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గొంతు పెద్దగా లేవదు, కానీ ఆ గొంతు వినిపిస్తే గదిలో సూదులు ఆగిపోయేవి. తక్కినవాళ్లంతా ఆ ఊరి తమిళ పిల్లలు. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో నాతో మాత్రం ఇంటి మాట మాట్లాడేది. మొదటిరోజు నేను గొప్పగా తెచ్చి చూపించిన చేతిగుడ్డ అందుకుని, ముందువైపు చూడకుండానే తిరగేసింది.

"ముందర సూసేది ఊరు. ఎనక సూసేది నేను" అంది. కాసేపు చూసి నా చేతిలో పెట్టేసింది. "విప్పు."

"అంతానా అక్కా?"

"తప్పు ఏడ మొదలైనాదో ఆడిదాకా. నీకే తెలుస్తాది."

కళ్లలో నీళ్లు తిరిగాయి. విప్పాను. మళ్లీ కుట్టాను, మళ్లీ విప్పమంది. మూడోసారికి ఏమీ అనకుండా పక్కన కూర్చోబెట్టుకుంది. పదేళ్ల బడి నేర్పనిది ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నాను. తప్పు కుట్టడం సిగ్గు కాదు, తప్పని తెలిసీ దాని మీద ఇంకో కుట్టు వేయడం సిగ్గు. ఇది నాకు ఇంత బాగా తెలిసి కూడా ఏం చేశానో వినండి.

జ్ఞానమ్మక్క దగ్గర ఒక పుస్తకం ఉండేది. దాన్ని ఇచ్చింది ఆమెకు సూదిపని నేర్పిన ఇటలీ సన్యాసిని. మదరమ్మ అనేవాళ్లు. నేను చేరేనాటికే జ్వరంతో పోయింది. ఇటలీలో ఆమెది ఒక కొండ మీద ఊరట. ఆ ఊళ్లో పెద్ద చర్చి, దాన్ని ఆనుకుని చర్చిలోని పాత వస్తువులన్నీ దాచిపెట్టిన మ్యూజియం. ఆ వస్తువుల ఫోటోలే ఆ పుస్తకం నిండా. మొదటిసారి అక్క ఈ సంగతి చెప్పినప్పుడు, "అంటే మద్రాసులో ఉందంటారే, సెత్త కాలేజీ, అట్లాంటిదా?" అన్నాను. మా వైపు మ్యూజియాన్ని అలాగే అంటారు, తమిళంలో సెత్త అంటే చచ్చిన, చచ్చినవన్నీ పెట్టిన చోటని. అక్కకు కోపమొచ్చింది. "సచ్చినోళ్లు సేసినవి. అవి సావలేదు" అంది.

శనివారం పని కట్టేశాక చేతులు కడుక్కుని, గుడ్డతో తడి లేకుండా తుడుచుకుంటే తప్ప ఆ పుస్తకం ముట్టనిచ్చేది కాదు. ఒక్కో పేజీ ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. రంగురాళ్లు పొదిగిన వెండి గిన్నెలు. దంతంతో చేసిన చిన్న పెట్టె, దాని మూత మీద గోరంత మనుషులు వరసగా నడిచిపోతుంటారు. పాటగాళ్లందరూ ఒక్కసారే చూసి పాడటానికని తలుపంత పెద్ద తోలు పేజీల పుస్తకం, అందులో ఒక్కో అక్షరం పొట్టలో ఒక్కో కథ బొమ్మ. పురుగు ముక్కు తినేసిన కొయ్య మరియమ్మ. మోచేతి నుంచి వేళ్ల దాకా వెండితో పోసిన ఒక చెయ్యి ఉండేది, లోపల ఎవరో పుణ్యాత్ముడి ఎముక నిజంగా ఉందట. ఆ పేజీ వస్తే తమిళ పిల్లలు అరిచి కళ్లు మూసుకునేవాళ్లు. అక్క మాత్రం ఆ చేతినే ఎక్కువసేపు చూసేది. "ఇది సేసినోడి పేరు ఎవురికీ తెలవదంట. సేసినోడి సెయ్యి పోయినాది, సేసిన సెయ్యి ఉండాది" అనేది.

ఫోటోలన్నీ నలుపు తెలుపే. ఏది ఏ రంగో మదరమ్మ నోటితో చెబితే, అక్క ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో తమిళ అక్షరాల్లో మన మాటలు రాసి పెట్టుకుంది. ఎరుపు, నీలం, పచ్చ, ఊదా. ఆ కొండమీది ఊరి రంగులన్నీ మా దాకా వచ్చింది ఆ పెన్సిలు గీతల్లోనే.

ఒక శనివారం రెండు మరియమ్మ పటాలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకదాంట్లో మరియమ్మ వెనక ఏమీ లేదు, ఖాళీ. రెండోదాని వెనక కొండలు, సన్నటి ఏరు, పొలాలు.

"పాతోళ్లు ఆకాశమే రాయలేదు. ఎనకంతా బంగారు రేకు అతికినారు. తరవాత వచ్చినోళ్లకి తెలివెక్కువైపోయి కొండా, సెట్టూ, పైరూ రాసినారు."

"ఏది మంచిదక్కా?"

"నాకు పాతదిదా, అదే మంచిది. పైరు రాస్తే అది ఏదో ఒక ఊరై పోతాది. ఊరంటే వాన రావాల, రాకుంటే ఎండాల. బంగారమైతే అది ఏ ఊరూ కాదు. ఆడ ఎండా లేదు, కరువూ లేదు."

నేను తలూపాను. లోపల మాత్రం నాకు పొలాలున్న పటమే నచ్చింది. ఏడాదిలో పది నెలలు బీటలు వారిన నల్లనేలను చూసి పెరిగినదానికి ఆ పైరు మీద నుంచి కన్ను మరలేదు. ఆ మాట పైకి అనలేదు. అని ఉన్నా బాగుండేది.

పుస్తకంలో చివరి బొమ్మ ఒక పట్టుతెర. పూజ చేసే పీఠం ముందు వేలాడదీసే తెర, ఐదారు వందల ఏళ్లనాడు సూదితో చేసింది. మధ్యలో బిడ్డతో మరియమ్మ, అటూ ఇటూ దేవదూతలు. ముఖాలన్నీ అరిగిపోయాయి, గీతలే మిగిలాయి. అలాంటి తెర విరుదునగర్‌లోని మా చిన్న చర్చికి తన చేత్తో కుట్టాలని జ్ఞానమ్మక్క కోరిక. మదరమ్మ బతికుండగానే పట్టు తెప్పించి పెట్టింది. కానీ అక్క మొదలుపెట్టేనాటికి ఆమె చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడం మొదలైంది. మదురైలో డాక్టరు ఉన్న చూపు కూడా నిలుస్తుందని చెప్పలేనన్నాడు. ఆ రోజు నుంచి ఇంకేపనీ ముట్టలేదు. ముందు ముఖాలు, చేతులు పూర్తి చేస్తానని కూర్చుంది. పట్టుపోగును వెంట్రుకంత సన్నగా చీల్చి ఆ ఒంటి పోగుతో కుట్టేది. పాత తెరలో ముఖాలు లేవు కదా, మరియమ్మకు వాళ్లమ్మ ముఖం పెట్టింది. పత్తి చేలో ఎండకు కళ్లు చికిలించే ఆడమనిషి ముఖం. ఆ ముఖం చూసిన మొదటిరోజు నాకు ఏడుపొచ్చింది. ఇంత పని తెలిసిన కళ్లను దేవుడు ఎందుకు తీసుకుంటున్నాడో అడగాలనిపించింది, అడిగేదెవర్ని.

ముఖాలు అయ్యాక మదురైలో చుట్టాలింట్లో ఉండి వైద్యం చేయించుకోవడానికి బయలుదేరింది. వెళ్లేముందు నన్ను తెర బిగించిన చట్రం దగ్గర కూర్చోబెట్టింది.

"జరీ తలల సుట్టూ ఉండే వలయాలకే సాలుతాది. ఎనకంతా పచ్చ పట్టుతో నింపెయ్యి. యేలంత సోటు కూడా వదలొద్దు. పుస్తకంలో రాసి పెట్టినాను, సూడు."

"సరి అక్కా. చూసుకుంటాను."

"నువ్వని ఇడిసి పోతాండాను."

పుస్తకం తెరిచి చూశాను. బొమ్మలో వెనకంతా మసక నలుపు. కింద ఆమె పెన్సిలు అక్షరాల్లో "పచ్చ" అని ఉంది. జరీ చాలదు కాబట్టి బంగారం మానుకుని పైరు రంగు వేయమంటోంది అనుకున్నాను. పెట్టెలో ఆకుల రంగు పట్టు ఉంది, పసుపు రంగు పట్టూ ఉంది. పసుపు ఎందుకుందో ఆలోచించలేదు. నాలుగు నెలలు ఆకు రంగు పట్టుతో నింపుడు కుట్టు కుట్టాను. ఒక్క పోగు అటూ ఇటూ కాలేదు. వెనకవైపు తిప్పి చూసుకుని మురిసిపోయేదాన్ని. తమిళ పిల్లలు వచ్చి "ఎంత పచ్చగా ఉంది" అని తమిళంలో మెచ్చుకునేవాళ్లు. పాత మదరమ్మ స్థానంలో వచ్చిన ఆమెకు సూదిపని తెలియదు. నా తప్పు చూపించగలిగిన మనిషి మదురైలో కళ్లకు కట్టు కట్టుకుని కూర్చుంది.

ఆమె తిరిగొచ్చింది కర్ర పట్టుకుని. చూపు పూర్తిగా పోయింది. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ సరిగ్గా తెర మీద పడుతోంది. నేను చేయి పట్టుకుని చట్రం దగ్గరికి తీసుకెళ్లాను. వేళ్లతో మెల్లగా తడిమింది. ముందు వాళ్లమ్మ ముఖం దగ్గర ఆగింది, తర్వాత వెనక నింపిన చోటంతా మూల నుంచి మూలకు రాసింది. చేయి కిందికి పోనిచ్చి వెనకవైపు కూడా తడిమింది.

"విప్పాల్సింది లేదు" అంది. నా పనికి ఆమె ఇచ్చిన అన్నిటికన్నా పెద్ద మెప్పు అది. తర్వాత ముఖం నావైపు తిప్పి అడిగింది. "ఎండ పడతాంది కదా. బంగారం మాదిరి మెరుస్తాందా?"

ఆ ఒక్క మాటతో నాలుగు నెలల పని ఏమిటో అర్థమైంది. ఆమె పల్లెలో పచ్చ అంటే పసుపు రంగు. బంగారం పచ్చ, పండిన మామిడి పచ్చ. ఆకుల రంగును వాళ్లు పసురు అంటారు. తమిళం ఎక్కువ కలిసిన మా కోవిల్‌పట్టి తెలుగులో పచ్చ అంటే తమిళంలోలాగా ఆకు రంగే. చాలా ఏళ్ల తర్వాత మా ఆయనకు గుంటూరు వైపు పని దొరికి ఇక్కడికి వచ్చాక, పక్కింటావిడ తన బిడ్డకు పచ్చకామెర్లు వచ్చాయంది. మా ఊళ్లో దాన్ని మంజకామాల అనేవాళ్లం, మంజ అంటే పసుపు. పచ్చ అని పసుపును పిలిచే ఆ మాట విని ఆమె గడప మీదే కూలబడి ఏడ్చాను. బిడ్డ కోసం ఏడుస్తున్నాననుకుని ఆవిడే నన్ను ఓదార్చింది.

ఆ మధ్యాహ్నం మాత్రం నేను ఏడవలేదు. గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు. ఆమె అడిగింది నాకొక్కదానికే అర్థమైంది. "ఆమా అక్కా. మెరుస్తాంది" అన్నాను.

ఆమె ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. "కన్ను మూసినా తెరిసినా నాకు ఒకటే నలుపు. ఇంక ఆ నలుపులో ఇది పెట్టుకుంటా. నాకు మిగిలింది ఇదిదా" అంది.

చర్చి పండగకు ఇంకా మూడు వారాలున్నాయి, తెర కట్టేది ఆ రోజే. మర్నాడు అందరికన్నా ముందు వచ్చి ఒక మూల నుంచి విప్పడం మొదలుపెట్టాను. జానెడు విప్పేసరికి అడుగుబట్ట సూదిపోట్లతో జల్లెడలా తేలింది. ఇంకాస్త విప్పితే మరియమ్మ చెంప దగ్గరి పోగు లాగుకుపోతోంది. వెనక విప్పితే ముఖం పోతుంది. ఆ ముఖాన్ని మళ్లీ కుట్టగల కళ్లు లోకంలో లేవు. విప్పిన జానెడూ మళ్లీ ఆకు రంగుతోనే కుట్టేశాను. ఇక మిగిలింది ఆమెతో చెప్పడం ఒక్కటే. రేపు చెబుతాననుకున్నాను. రోజూ అలాగే అనుకున్నాను. ఆమె రోజూ వచ్చి తెర ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని, కనపడని బంగారాన్ని చూస్తుండేది. అలా కూర్చున్న మనిషికి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. జాలి అని అప్పుడు పేరు పెట్టుకున్నాను. పిరికితనం అది.

పండగనాడు చర్చి కిటకిటలాడింది. నాది ఆ మతం కాకపోయినా ఆమెను చేయి పట్టి తీసుకెళ్లవలసింది నేనే. గోడవారగా బల్ల మీద కూర్చున్నాం, ఆమె చేయి నా చేతిలో ఉంది. తెర చూసి జనం గుసగుసలాడుతుంటే ఆమె వేళ్లు సంతోషంతో నా వేళ్లను నొక్కుతున్నాయి. ఫాదర్ తమిళంలో ప్రసంగం మొదలుపెట్టాడు. మంచి మనిషి, మంచి మాటే చెప్పాడు. "వానకు మొహం వాచిన మన నల్లనేలలో, చూడండి, మన తల్లి పచ్చైప్పయిరు నడుమ కూర్చుని ఉంది" అన్నాడు. పచ్చైప్పయిరు అంటే పచ్చటి పైరు. జ్ఞానమ్మక్కకు తమిళం నాకన్నా బాగా వచ్చు. ఆమె చేయి ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత నా చేతిలోంచి జారి ఆమె ఒళ్లోకి వెళ్లిపోయింది.

బయటికి వచ్చాక వేప చెట్టు కింద నిలబడింది. "పసురా?" అని ఒక్క మాట అడిగింది.

"తెలియక కుట్టానక్కా. నువ్వు పచ్చ అన్నావు, నేను..."

"అది నాకు తెలుస్తాంది. ఆ తప్పు మాటది, నీది కాదు. మెరుస్తాందా అని అడిగినానే, అప్పటికి నీకు తెలిసిపోయినాది కదా?"

నేను ఆమె చేయి పట్టుకోబోయాను.

"తప్పు కుడితే విప్పమని మొదటి దినమే సెప్పినాను. ఇది విప్పే కుట్టు కాదు, రాజమ్మా."

ఆ నెలలోనే ఆమె పల్లెకు వెళ్లిపోయింది. ఏడాది తర్వాత చూడటానికి వెళ్లాను. నాగలాపురంలో బండి దిగి నల్లరేగడిలో నడుచుకుంటూ. అన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయింది. తిట్టలేదు, నీళ్లిమ్మని వదినకు చెప్పింది. లోపలి నుంచి పుస్తకం తెప్పించి నా ఒళ్లో పెట్టించింది. "ఏముండాదో సెప్పు" అంది. గిన్నెలు, పెట్టె, వెండి చెయ్యి అన్నీ చెప్పుకుంటూ వెళ్లాను. "ఈమె కొంగు నీలం" అంటే "నిజమా?" అనేది. "ఇది ఎరుపు" అంటే "నిజమా?" అనేది. ఎగతాళికి కాదు. నిజంగానే ఆమెకు తెలియడం లేదు, నన్ను నమ్మాలో వద్దో. పెన్సిలు అక్షరాలు చదువుతున్నానంటే కూడా నమ్మకం కుదరలేదు. చివరికి పాత మరియమ్మ పటం దగ్గర, వెనకంతా బంగారం అతికిన పేజీ దగ్గర, "ఇదేం రంగు?" అని అడిగింది. నా కంటికి కనిపించిందే చెప్పాను.

"నలుపక్కా."

"ఇది నిజం" అంది. "ముందు ఆ నలుపులో బంగారం కనపడేది. ఇప్పుడు ఎంత ఎతికినా పసురే వస్తాంది. పుస్తకం మూసెయ్యి, సాలు."

నా జన్మలో నేను ఎవరికైనా తీరని అన్యాయం చేశానంటే అది అదే. కళ్లు పోయినా ఆమెకు మిగిలి ఉన్నదాన్ని నేను పాడుచేశాను. కాళ్ల మీద పడ్డాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు, నా తల మీద చేయి కూడా పెట్టలేదు. ఆ తర్వాత రెండో వేసవికి పోయిందని కబురొచ్చింది. అంతే, ఇంకోసారి చూడలేదు.

ఆ రోజు లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. మూలనున్న గుడ్డసంచి వైపు చేయి ఊపింది.

"అందులో మిగిలిన పట్టుండాది. నాకెందుకింక. పచ్చది నువ్వు ఎత్తుకుపో."

సంచి తెరిచాను. పసుపు పట్టు ఉండలు, ఆకు రంగు పట్టు ఉండలు, రెండూ ఉన్నాయి.

"ఏ పచ్చ అక్కా?" అన్నాను.

ఆమె చూపులేని కళ్లు నావైపు తిప్పింది. "ఇప్పుడా అడిగేది?" అంది.

పసుపు ఉండ తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, ఒక్క మూర కూడా వాడలేదు. నిన్న మనవరాలు నేను దారం విసురుతానేమోనని చూసి చూసి విసుక్కుని, తనే లేచి వచ్చి కావలసిన ఉండ తీసుకుపోయింది.